మూసేసిన మెట్లు

బ్యూనస్ ఏర్స్‌లో ఆఫీసు పని బుధవారానికే తెమిలిపోయింది. తిరుగు ఫ్లైటు శుక్రవారం రాత్రి. ‘టాంగో చూడు, స్టేక్ తిను’ అన్నారు అక్కడి కొలీగ్స్. నేను మాంసం ముట్టను, డాన్సంటే ఆవులింతలు. గురువారం పొద్దున్నే రెండు ఎంపనాడాలు కట్టించుకుని (అచ్చం మన కజ్జికాయే, లోపల కొబ్బరికి బదులు మొక్కజొన్న) సబ్వే డి లైన్ ఎక్కాను. చివరి స్టేషన్లో దిగి అరగంట నడిస్తే ఎస్మా వస్తుంది.

ఎస్మా అంటే నేవీ వాళ్ళ మెకానిక్స్ స్కూలు. తెల్లటి స్తంభాలు, లోపలంతా చెట్లు. పాతకాలం కలెక్టరాఫీసుకి వచ్చినట్టుంది. 1976 మార్చి 24న సైన్యం గద్దెనెక్కాక ఈ ఆవరణలోని ఆఫీసర్ల క్వార్టర్స్‌ని రహస్య జైలుగా మార్చారు. సుమారు 5,000 మందిని ఇక్కడికి ఈడ్చుకొచ్చారు. వాళ్ళలో చాలామందికి మత్తు సూది పొడిచి, విమానంలోంచి నీళ్ళలోకి తోసేశారు. ఇప్పుడిది మ్యూజియం. 2023లో యునెస్కో జాబితాలోకీ ఎక్కింది.

నన్ను ఇక్కడిదాకా లాక్కొచ్చింది మాత్రం అప్పటి అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్. ‘మంచివాడే గానీ ఉత్త మెతక’ అనేవాడు మా నాన్న, పేపర్లో ఆయన ఫోటో కనబడ్డప్పుడల్లా. ఆ మెతకతనం అసలెక్కడైనా పనిచేసిందా అన్నది నాకెప్పుడూ ఉన్న అనుమానమే.

ఆయనకి ముందు అధ్యక్షుడు ఫోర్డ్, విదేశాంగం కిస్సింజర్ చేతిలో. 1976 జూన్‌లో సాంటియాగోలో అర్జెంటీనా విదేశాంగ మంత్రి కలిసినప్పుడు, చేయాల్సిందేదో త్వరగా చేసేసి మామూలు పద్ధతికి వచ్చేయండి అన్నట్టు మాట్లాడాడు కిస్సింజర్. ఆ సంభాషణ రికార్డు చాలా ఏళ్ళకి బయటపడింది. కమ్యూనిస్టులు రాకుండా దేశం కుదురుగా ఉంటే చాలు, ఎవరి మెడమీద కాలేసి కుదురుగా ఉంచారన్నది మనకనవసరం అన్న లెక్క. 1977 జనవరిలో కార్టర్ వచ్చీరాగానే ఆ లెక్క చెరిపేస్తానన్నాడు. నెల తిరిగేసరికి అర్జెంటీనాకిచ్చే సైనిక సాయంలో కోత పడింది. విదేశాంగ శాఖలో మానవ హక్కులు చూసే పని పట్రీషియా డేరియన్ అనే ఆవిడకి అప్పగించాడు.

ఆవిడ 1977 ఆగస్టులో ఈ ఆవరణలోకే వచ్చి, నేవీ అధిపతి మసేరా ఎదురుగా కూచుంది. మనం మాట్లాడుకుంటున్న ఈ నిమిషంలో కూడా కింద ఎవరినో హింసిస్తున్నారు కదా అని మొహమ్మీదే అడిగేసిందట. మసేరా నవ్వి, చేతులు కడుక్కుంటున్నట్టు సైగ చేసి, బైబిల్లో యేసుకి శిక్ష వేసి చేతులు కడిగేసుకున్న పిలాతు కథ గుర్తుందిగా అన్నాడని తర్వాత ఆవిడే చెప్పింది.

ముందు అటక ఎక్కాను. కపూచా అంటారు దాన్ని, అంటే ముసుగు. ఇనుప దూలాల కింద తల వంచుకుని నడవాలి. ఖైదీలని మొహానికి ముసుగేసి ఇక్కడే పడుకోబెట్టేవారు. కింది అంతస్తుల్లో ఆఫీసర్ల పడకగదులు. ఒకే కప్పు కింద ఈ రెండు నిద్రలూ! రివర్ ప్లేట్ స్టేడియం ఇక్కడికి దగ్గరే. 1978 వరల్డ్ కప్పులో గోల్ పడ్డప్పుడల్లా లేచిన కేకలు అటక మీదికి వినిపించేవట. పదవి పోయిన కిస్సింజర్ అదే వరల్డ్ కప్పుకి సైనిక పాలకుడు విడేలా అతిథిగా వచ్చాడు.

హాల్లోకి దిగాక ఒకచోట చాలాసేపు నిలబడిపోయాను. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు. ఒకప్పుడు ఆ హాల్లోంచి సెల్లార్లోకి మెట్లుండేవి. 1979 సెప్టెంబరులో అమెరికా ఖండ దేశాల మానవ హక్కుల కమిషన్ తనిఖీకి వస్తోందని తెలిసి నేవీ వాళ్ళు ఆ మెట్లు మూసేశారు, లిఫ్టు పీకేశారు. బతికి బయటపడ్డవాళ్ళు చెప్పిన గుర్తులు సరిపోలకూడదని. ఖైదీలని టీగ్రే వైపు ఒక దీవికి తరలించారు. ఆ మూత తాలూకు మచ్చలు ఇంకా కనబడుతున్నాయి. వాషింగ్టన్లో మారిన మాట ఈ కొంపలో తాపీపని దాకా వచ్చిందన్నమాట. చంపడం మానలేదు, దాచడం మొదలుపెట్టారు. గెలుపో కాదో తెలియదు గానీ, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదనుకున్నవాడు గోడ కట్టుకోడు కదా.

ఆ కమిషన్ రాక కూడా ఉత్త నీతితో కుదరలేదు. 1978లో రోమ్‌లో ఉపాధ్యక్షుడు మాండేల్ విడేలాని కలిసి బేరం కుదిర్చాడు: మీరు కమిషన్‌ని రానివ్వండి, మేం ఆపిన కరెంటు ప్రాజెక్టు అప్పు వదులుతాం. కార్టర్ నోట వేరే మాటలూ వచ్చాయి. 1977 చివరి రాత్రి టెహ్రాన్ విందులో రాజు షా నిరంకుశ పాలనలోని ఇరాన్‌ని స్థిరత్వ ద్వీపమని పొగిడాడు. మర్నాడు ఢిల్లీలో దిగి, ఎమర్జెన్సీ లోంచి బయటపడ్డ మన ప్రజాస్వామ్యాన్ని మెచ్చుకున్నాడు! మా నాన్న మెతక అన్నాడు గానీ, నాకైతే ఒక చేత్తో రాసి రెండో చేత్తో చెరుపుకున్న మనిషిలా అనిపించాడు.

మధ్యాహ్నానికి మళ్ళీ ఊళ్ళోకొచ్చి అవెనీదా దె మాయో వెంట నడిచాను. కమిషన్‌కి ఫిర్యాదులివ్వడానికి జనం బారులు తీరింది ఈ రోడ్డు మీదే. అవే రోజుల్లో టోక్యోలో మారడోనా కుర్రాళ్ళ జట్టు కప్పు గెలిస్తే, వీధుల్లోకి రండి, మన అసలు మొహం ఆ కమిషన్‌కి చూపిద్దాం అని రేడియో కామెంటేటరు జనాన్ని ఉసిగొల్పాడు. జెండాలూ బూరలూ ఒకపక్క, కొడుకు ఫోటో పట్టుకుని క్యూలో తల్లులు ఒకపక్క.

రోడ్డు చివర ప్లాసా దె మాయో. మధ్యలో ఉన్న స్తంభం చుట్టూ నేల మీద తెల్లటి తలగుడ్డలు గీసున్నాయి. మాయమైన పిల్లల కోసం తిరిగిన తల్లుల గుర్తు అవి. వాళ్ళు 1977 ఏప్రిల్ 30న మొదటిసారి ఇక్కడ చేరారు. గుంపుగా నిలబడకూడదు, కదలండి అని పోలీసులు గద్దిస్తే సరేనని స్తంభం చుట్టూ తిరగడం మొదలెట్టారు. వాళ్ళని కూడగట్టిన అసుసేనా వియాఫ్లోర్‌ని అదే డిసెంబరులో ఎత్తుకెళ్ళి ఎస్మాలో పెట్టారు. ఆవిడ ఎముకలని 2005లో గుర్తుపట్టారు. చితాభస్మం ఈ స్తంభం పాదం దగ్గరే ఉంది.

సరిగ్గా మూడున్నరకి, ఇప్పటికీ ప్రతి గురువారం జరిగే ఆ నడక మొదలైంది. తొంభై దాటినట్టున్న ఒక పెద్దావిడ వీల్‌చైర్లో ముందు, వెనకాల పడుచువాళ్ళు బ్యానరు పట్టుకుని. నేను పక్కకి జరిగి ఫోను తీసి ఫోటో సరిచూసుకుంటున్నాను. వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. తలగుడ్డ కట్టుకున్న ఒకామె, ఆగొద్దన్నట్టు తలూపి, ముందుకి చెయ్యి చూపించింది. ఫోను జేబులో పెట్టేసి నడిచాను.