ఒకే లైనులో పలు మ్యాచ్‌లు: షెల్ స్క్రిప్టులో జంటలను విడదీయడం

లాగ్ ఫైళ్లతో పని చేసేవారికి, ఒక ప్యాటర్న్‌కు, అంటే వెతికే నమూనాకు, సరిపడే ముక్కలు ఒకే లైనులో నాలుగైదు ఉండి, అవన్నీ కావలసి రావడం తరచూ ఎదురయ్యే అవసరమే. అలాంటి ప్యాటర్న్‌ను ఫైళ్లలో వెతికే గ్రెప్ కమాండు మామూలుగా లైను మొత్తాన్నీ చూపిస్తుంది; మైనస్ ఓ ఆప్షన్ జోడిస్తే సరిపోలిన ముక్కలను మాత్రమే, ఒక్కొక్కదాన్ని ఒక్కో లైనులో ఇస్తుంది. ఐపీ అడ్రసులనో, ఈమెయిళ్లనో ఏరుకోవడానికి అంతకు మించి అక్కరలేదు. లెక్క కావలసినప్పుడు మాత్రం దానికి మైనస్ సీ తగిలించకూడదు, ఎందుకంటే అది మ్యాచ్‌లను కాక, మ్యాచ్ ఉన్న లైన్లను లెక్కిస్తుంది. ఫలితాన్ని, లైన్లను లెక్కించే డబ్ల్యూసీ మైనస్ ఎల్ కమాండుకు పైప్ చేయాలి, అంటే నేరుగా అందించాలి.

అసలు చిక్కు జంటలతో మొదలవుతుంది. ఒక లైనులో ఆర్డర్ నంబరు, దాని ధర, మళ్లీ ఇంకో నంబరు, దాని ధర వరుసగా ఉన్నాయనుకుందాం. గ్రెప్‌ను రెండుసార్లు నడిపి, రెండు ఫలితాలనూ పేస్ట్ కమాండుతో పక్కపక్కన చేర్చే పద్ధతి చాలా స్క్రిప్టుల్లో కనిపిస్తుంది. ఎక్కడో ఒక ఆర్డరుకు ధర నమోదు కాకపోతే, చొక్కాకు ఒక గుండీ తప్పించి పెట్టినట్టు, అక్కడి నుంచి చివరి దాకా ప్రతి ధరా ముందున్న ఆర్డరు ఖాతాలోకి జారిపోతుంది. ఎర్రర్ మాత్రం ఒక్కటీ రాదు. కాబట్టి జంటను ఒకే ప్యాటర్న్‌గా పట్టుకుని, ఆ తరువాతే లోపల విడదీయాలన్నది నా అభిప్రాయం.

బ్యాష్ అనే షెల్‌లో సమానం, టిల్డా గుర్తులు కలిసిన ఆపరేటర్ మ్యాచ్‌నూ, బ్రాకెట్లలోని భాగాలనూ బ్యాష్ రీమ్యాచ్ అనే అర్రేలో (విలువల వరుసలో) ఉంచుతుంది. అయితే అది మొదటి మ్యాచ్‌తోనే ఆగిపోతుంది కనుక, వైల్ లూప్‌లో ప్రతిసారీ ఆ మ్యాచ్ దాకా ఉన్న భాగాన్ని కత్తిరించి, మిగిలినదానిపై మళ్లీ వెతకాలి. కత్తిరించేటప్పుడు మ్యాచ్‌ను డబుల్ కోట్స్‌లో పెట్టకపోతే, అందులోని నక్షత్రం గుర్తును షెల్ వైల్డ్‌కార్డుగా, అంటే ఏ అక్షరాలకైనా సరిపోయే గుర్తుగా, తీసుకుంటుంది. ఖాళీ స్ట్రింగ్‌కు కూడా సరిపోయే ప్యాటర్న్ ఇస్తే, కత్తిరించడానికి ఏమీ దొరకక లూప్ ఎప్పటికీ ఆగదు.

పెద్ద ఫైళ్లకు నేను, టెక్స్టును లైను లైనుగా ప్రాసెస్ చేసే ఆక్ కమాండునే ఎంచుకుంటాను, బ్యాష్ లూప్ అక్కడ బాగా నెమ్మదిస్తుంది. ఆక్‌లోని మ్యాచ్ ఫంక్షన్, ముక్క ఎక్కడ మొదలైందో ఆర్‌స్టార్ట్‌లోనూ, ఎంత పొడవుందో ఆర్‌లెంగ్త్‌లోనూ ఉంచుతుంది. స్ట్రింగ్‌లో కావలసిన భాగాన్ని తీసే సబ్‌స్ట్ర్ ఫంక్షన్‌తో ముందుకు జరుగుతూ పోతే చాలు. గ్నూ ఆక్‌లో మూడవ ఆర్గ్యుమెంటుగా అర్రే ఇచ్చి బ్రాకెట్లలోని భాగాలను నేరుగా పొందవచ్చు గాని, మ్యాక్ ఓఎస్‌తో వచ్చే ఆక్‌లో ఆ సౌకర్యం లేదు. స్క్రిప్టు ఏ యంత్రంపై నడుస్తుందో తెలియనప్పుడు సబ్‌స్ట్ర్ లూపే రాస్తాను.