ఆ పాటలు మా అమ్మాయివి కూడా

ఆగస్టులో మేం హైదరాబాద్ వచ్చినప్పుడల్లా, సికింద్రాబాద్‌లో ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు నన్ను ఆపి అడుగుతారు: "మీ పాప అక్కడ పెద్ద చర్చిలో పాడుతుందట కదమ్మా, మరి మన పాటలు వచ్చా?" అడిగేవాళ్ళంతా నన్ను సండే స్కూలు రోజులనుంచీ ఎరిగినవాళ్ళు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, బెంగ ఉంది. ఆ బెంగ నాకూ ఉంది. నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మేముండేది ఇంగ్లండ్ నైరుతి మూలన, ఎక్సెటర్‌లో. అక్కడి కెథడ్రల్, అంటే బిషప్ ఉండే పెద్ద చర్చి, దాని బడి పిల్లల్లోంచే క్వయర్‌కి, అంటే చర్చి గాయక బృందానికి ఎంచుకుంటారు. ఏడెనిమిదేళ్ళకు చేరిన పిల్లలు పదమూడేళ్ళ దాకా పాడతారు. పొద్దున బడికి ముందు సాధన, బడి వదిలాక మళ్ళీ సాధన, ఆ వెంటనే ఈవెన్‌సాంగ్, అంటే సాయంకాల ప్రార్థన. మగపిల్లలూ ఆడపిల్లలూ వంతులవారీగా పాడతారు. కింది స్థాయి స్వరాలు అందుకోవడానికి పెద్దవాళ్ళుంటారు. ప్రార్థనకు వచ్చినవాళ్ళు పదిమందే అయినా పాట మాత్రం తగ్గదు. నన్ను మొదట కదిలించింది అదే.

1549లో వచ్చిన ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ చర్చి, ప్రార్థన పుస్తకం దావీదు కీర్తనలు 150ని ముప్పై రోజులకు, ఉదయానికీ సాయంత్రానికీ పంచిపెట్టింది. ఈనాటికీ ఆ వరస ఉంది. క్వయర్ రెండు పక్షాలుగా ఎదురెదురుగా నిలబడుతుంది. ఒక వచనం వీళ్ళు పాడితే తర్వాతి వచనం వాళ్ళు అందుకుంటారు. కొత్తగా చేరిన పిల్లని ఇద్దరు పాతవాళ్ళ మధ్య నిలబెడతారు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట దగ్గర ఆగాలో పక్క పిల్ల వేలు పుస్తకం మీద జరుగుతూ చూపిస్తుంది. మా అమ్మాయి మొదటి సంవత్సరమంతా సగం విని, సగం ఆ వేలు చూసి నేర్చుకుంది. ఇప్పుడు దాని వేలు చూసి చిన్నవాళ్ళు నేర్చుకుంటున్నారు. సంగీత దర్శకుడు నేర్పేది ఎంతో ఉంటుంది. పిల్లలు ఒకరికొకరు నేర్పుకునేది అంతకన్నా ఎక్కువని నా నమ్మకం.

ఆ క్వయర్ చరిత్ర చదవడం మొదలుపెట్టింది మా అమ్మాయి కోసం. ఆపలేకపోయింది నేను. పిల్లలకు భాష నిలుస్తుందా పోతుందా అని మథనపడే ప్రవాస తల్లికి అందులో కావలసినంత ఉంది.

కెథడ్రల్ మధ్యలో ఆర్గన్, అంటే గొట్టాలతో పలికే పెద్ద వాద్యం, నిలబడిన రాతి తెర ఉంది. దాని మీద ఒక కుర్రవాడు చెక్కిన పేరు ఇప్పటికీ కనిపిస్తుంది: మాథ్యూ లాక్, 1638. 1641లో మళ్ళీ తన పొడి అక్షరాలు చెక్కాడు. అతనికి అక్కడ సంగీతం నేర్పింది ఎడ్వర్డ్ గిబ్బన్స్. పేరుమోసిన స్వరకర్త ఓర్లాండో గిబ్బన్స్‌కి అన్న ఈయన. ఆ పేరు చెక్కిన కొద్ది కాలానికే రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చింది. పార్లమెంటు సైనికులు ఆర్గన్ పగలగొట్టి, గొట్టాలు ఊడబెరికి, వీధుల్లో ఊదుకుంటూ తిరిగారని రాజు పక్షంవాళ్ళు రాసిపెట్టారు. 1645లో ప్రార్థన పుస్తకాన్నే నిషేధించారు. క్వయర్లు మూతబడ్డాయి. ఎక్సెటర్‌లో రెండు సంఘాలకు చోటు కావాలని కెథడ్రల్ నడుమ ఇటుక గోడ కట్టేశారు. 1660లో రాజరికం తిరిగొచ్చేదాకా దాదాపు పదిహేనేళ్ళు అక్కడ క్వయర్ పాట లేదు.

ఆ పదిహేనేళ్ళ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. క్వయర్‌లో చేరాక మగపిల్లవాడి గొంతు మారకుండా ఉండేది ఐదారేళ్ళు. అంటే రెండు మూడు తరాల పిల్లలు ఆ పాట చెవినపడకుండానే పెద్దవాళ్ళయిపోయారు. 1660లో పక్కన నిలబడి వేలితో చూపించడానికి పాత పిల్లలెవరూ లేరు. మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది వయసు మళ్ళినవాళ్ళ జ్ఞాపకంతోనూ, మిగిలిన కాగితాలతోనూ. జాన్ లూజ్‌మోర్ 1665లో కొత్త ఆర్గన్ కట్టాడు. దాని చెక్క మందసం ఈ రోజుకీ అక్కడే ఉంది. రాయి మీద పేరు చెక్కిన కుర్రవాడు పెద్దవాడై 1661లో రెండో చార్లెస్ పట్టాభిషేకం ఊరేగింపుకి సంగీతం రాశాడు. మా ఇంట్లో తెలుగు ఒక్క తరం ఆగితే ఏమవుతుందని ఎవరైనా అడిగితే నేను ఈ పదిహేనేళ్ళ కథే చెబుతాను. తిరిగి మొదలుపెట్టొచ్చు. కానీ అప్పటికి గుర్తున్నవాళ్ళు బతికుండాలి.

తర్వాత వచ్చిన దర్శకుల్లో కొందరు ఆ ఊరివాళ్ళు. 1777 నుంచి 1803లో కన్నుమూసేదాకా ఆర్గనిస్టుగా ఉన్న విలియం జాక్సన్ అక్కడే పుట్టి పెరిగినవాడు. కొందరు కొన్నేళ్ళుండి వెళ్ళిపోయారు. ఎర్నెస్ట్ బుల్లక్ ఇక్కణ్ణుంచి వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేకి వెళ్ళి 1937 పట్టాభిషేక సంగీతం నడిపించాడు. నేను ఎక్కువ చదివింది మాత్రం శామ్యూల్ సెబాస్టియన్ వెస్లీ గురించి. 1835 నుంచి 1842 దాకా ఎక్సెటర్ ఆర్గనిస్టు. ఆ ఇంటిపేరు మా సికింద్రాబాద్ క్రైస్తవులకు చెప్పనక్కర్లేదు. క్లాక్ టవర్ దగ్గరి వెస్లీ చర్చి పేరు, మా తాతల కాలంలో వచ్చిన వెస్లియన్ మెతడిస్టు మిషనరీల పేరు ఆ కుటుంబానిదే. ఈయన పాటల రచయిత చార్లెస్ వెస్లీకి మనవడు. మెదక్ చర్చి కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ కూడా వెస్లియన్ మిషనరీయే. కరువులో జనానికి పనీ తిండీ దొరకాలని మొదలైన ఆ కట్టడం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. ఆంగ్లికన్లూ మెతడిస్టులూ మరికొందరూ 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఒక్కటై దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మేమంతా ఆ సంఘం పిల్లలం. కాబట్టి "వాళ్ళ చర్చి, మన చర్చి" అని గీత గీసేముందు మా పెద్దలు కొంచెం ఆలోచించాలని నా మనవి.

ఈ వెస్లీ ఎక్కడా కుదురుగా ఉండలేదు. హెరిఫర్డ్, ఎక్సెటర్, లీడ్స్, వించెస్టర్, గ్లాస్టర్. క్వయర్లని పట్టించుకోని గురువులతో, చాలీచాలని జీతాలతో జీవితమంతా పోరాడాడు. హెరిఫర్డ్‌లో ఒక ఈస్టర్ పండక్కి పిల్లల గొంతులూ ఒకే ఒక్క మగ గొంతూ తప్ప ఎవరూ లేకపోతే, ఉన్నవాళ్ళకి సరిపడేలా పాట కూర్చాడని చెబుతారు. ఆ పాట ఇప్పటికీ ఇంగ్లండ్ అంతటా పాడతారు. 1849లో చిన్న పుస్తకం అచ్చువేసి, కెథడ్రల్ క్వయర్‌లో కనీసం పన్నెండుమంది మగ గాయకులుండాలనీ, వాళ్ళకి బతకడానికి సరిపడా జీతమివ్వాలనీ వాదించాడు. 1876లో గ్లాస్టర్‌లో పోయినా, ఆయన్ని ఎక్సెటర్‌కి తెచ్చి, పసితనంలోనే పోయిన కూతురి పక్కన సమాధి చేశారు. ఆ శ్మశానం మా ఇంటికి దూరం కాదు. మా అమ్మాయిని తీసుకెళ్ళి చూపించాను.

ఇక 1973. ఆ ఏడు ఎక్సెటర్‌కి వచ్చిన ఆర్గనిస్టు లూషన్ నెత్సింఘ. పుట్టింది 1936లో, కొలంబోలో. లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లోనూ, కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలోనూ చదువుకుని, 1999 దాకా, అంటే ఇరవయ్యారేళ్ళు ఎక్సెటర్ క్వయర్‌ని నడిపించాడు. ఆయన కొడుకు ఆండ్రూ అదే క్వయర్‌లో తండ్రి చేతికింద పాడిన పిల్లవాడు. ట్రూరో, గ్లాస్టర్, కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ తిరిగి, 2023లో వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేకి వచ్చాడు. ఆ మే 6న మూడో చార్లెస్ పట్టాభిషేకానికి సంగీతం నడిపించాడు. ఆ రోజు మా అమ్మ సికింద్రాబాద్‌లో టీవీ ముందు కూర్చుని ఫోన్ చేసింది. "ఆ చేతులాడిస్తున్నాయన ఎవరే?" అంది. వాళ్ళ నాన్నది కొలంబో అని చెప్పాను. "అయితే మన పక్కవాళ్ళేనే!" అని అవతల అందరికీ వినబడేలా చెప్పింది.

మా అమ్మాయి పాడే పుస్తకాల మీద, నిలబడే వరస మీద, ఊపిరి తీసుకునే పద్ధతి మీద ఆ కొలంబో మనిషి ఇరవయ్యారేళ్ళ చెయ్యి ఉంది. ఆయన అక్కడ అతిథిగా లేడు. మాథ్యూ లాక్‌కీ గిబ్బన్స్‌కీ వారసుడిగా ఉన్నాడు. ఆ వారసత్వం పుట్టుకతో రాలేదు. రోజూ వెళ్ళి, నిలబడి, నేర్చుకుని, నేర్పితే వచ్చింది. "వాళ్ళ పాటలు మనకెందుకు" అన్నవాళ్ళకి నేను చెప్పాలనుకున్నది ఇదే.

మరి మన పాటల సంగతేమిటి? అవీ అంతే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఎన్నో పురుషోత్తమ చౌదరిగారివి. 1803లో బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, తెలుగూ సంస్కృతమూ క్షుణ్ణంగా చదివి, 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. 1890లో పోయారు. వెస్లీ ఇంగ్లండ్‌లో క్వయర్ల కోసం పోట్లాడుతున్న కాలంలోనే ఈయన ఇక్కడ రాగం, తాళం కట్టి తెలుగులో కీర్తనలు రాస్తున్నారు. ఇంట్లో బెంగాలీ మూలాలున్న మనిషి రాసిన పాటల్ని మా అమ్మమ్మ, అమ్మ, నేను "మన పాటలు" అంటున్నాం. ఎవరికీ అభ్యంతరం లేదు.

వెస్ట్ మారేడ్‌పల్లిలో మా అమ్మ ఇంట్లో ఈ ఆగస్టంతా మధ్యాహ్నాలు ఆ కీర్తనల పాఠమే. పుస్తకంలో పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి. స్వరాలుండవు. మా అమ్మాయి పెన్సిల్ తెచ్చుకుని పాశ్చాత్య పద్ధతిలో స్వరం రాసుకోబోయింది. రెండు స్వరాల మధ్య గొంతు జారే చోట ఏం రాయాలో తెలియక ఆగిపోయింది. "కాగితం పక్కన పెట్టు బుజ్జీ, నా నోరు చూడు" అంది మా అమ్మ. తొడమీద తాళం వేస్తూ ఒక పంక్తి పాడింది. అమ్మాయి అంది, మళ్ళీ అంది. అక్కడ పక్క పిల్ల వేలు, ఇక్కడ అమ్మమ్మ చెయ్యి. దానికి ఈ పద్ధతి కొత్తగా అనిపించలేదు.

నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. కీర్తనల్లోని గ్రాంథిక భాష దాన్ని భయపెడుతుందనుకున్నాను. ఇక్కడే పెరిగిన మా అన్నయ్య పిల్లలు ఆ మాటలకి జంకుతారు. ఇది జంకలేదు. అర్థం తెలియని లాటిన్ మాటలు రోజూ పాడి, ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుని, హల్లు ఎక్కడ పడాలో దిద్దుకోవడం దానికి అలవాటు. అమ్మమ్మని ప్రతి మాటకీ అర్థం అడిగింది. ళకీ లకీ తేడా పలికేదాకా వదలొద్దని తనే చెప్పింది. ఇంగ్లిష్ క్వయర్ నేర్పిన ఓపిక తెలుగుకి పనికొచ్చింది. నా వరకు ఈ ప్రయాణంలో పెద్ద సంతోషం ఇదే.

ఒక్క విషయంలో నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. కీర్తనకి పాశ్చాత్య పద్ధతిలో నాలుగు వరసల శ్రుతులు కలపాలని కొందరు పిల్లలకి నేర్పుతున్నారు. కీబోర్డులో రికార్డయిన దరువు వేసి దానిమీద పాడిస్తున్నారు. కీర్తన అందరూ ఒకే గొంతుగా పాడేది. రాగం వంపులు వినబడాలంటే హార్మోనియం, తబలా చాలు. ఆ దరువు తాళాన్ని పట్టుకుంటుంది కానీ పాడేవాళ్ళ ఊపిరి కోసం ఆగదు. ఎక్సెటర్‌లో వాళ్ళ పాటని వాళ్ళు ఎంత జాగ్రత్తగా కాపాడుకుంటున్నారో చూశాక మనకీ అంత పట్టింపు ఉండాలనిపిస్తోంది.

మా అమ్మ వరస తేల్చి పెట్టింది. ముందు శంకరాభరణ రాగం, అది పాశ్చాత్యుల మేజర్ స్కేలుకి దగ్గర కాబట్టి పిల్లకి చెవి పట్టేస్తుందని. తర్వాత మోహన. ఆ రెండూ అయ్యాయి. ఎక్సెటర్ వెళ్ళాక శనివారం పొద్దున వీడియోలో పాఠం, అప్పటికి సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం. దసరా సెలవుల్లో అన్నయ్య పిల్లలు కూడా కూర్చుంటారట. వాళ్ళకి శంకరాభరణం కీర్తన తను కాదు, మా అమ్మాయే నేర్పాలని మా అమ్మ షరతు పెట్టింది. తోడి రాగం ఎప్పుడని అడిగితే, వాళ్ళకి నేర్పడం వచ్చాక అంది.