80 దగ్గరే పీకేయాల్సింది

నిన్న ఫ్రెండ్ ఈవీ, అదే కరెంటు కారు, తీసుకుని లాంగ్ డ్రైవ్ వెళ్లా. ఫస్ట్ గంట స్వర్గమే అనుకోండి, సౌండ్ లేదు, గేర్ల గోల లేదు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు బండి తనే స్లో అయ్యి ఆ కరెంటు మళ్లీ బ్యాటరీకే ఎక్కించుకుంటోంది, కొండ దిగేటప్పుడు బ్యాటరీ 41 శాతం నుంచి 43 అవ్వడం చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయా. అసలు కథ తర్వాత మొదలైంది. ఛార్జర్ దగ్గర 20 నుంచి 80 దాకా చకచకా ఎక్కింది, అక్కణ్ణుంచి నత్తనడక. బ్యాటరీ పాడవకుండా కావాలనే స్లో చేస్తుందంట, ఆ ముక్క ముందే తెలిసుంటే 80కే ప్లగ్ పీకేసి వెళ్లిపోయేవాణ్ణి, అనవసరంగా స్క్రీన్ వంక గుడ్లప్పగించి కూర్చున్నా.

నా పాత సీఎన్‌జీ బండికి ఈ తిప్పలు లేవు, నిమిషాల్లో గ్యాస్ నిండిపోద్ది, కాకపోతే డిక్కీ మొత్తం సిలిండర్‌దే, ఒక్క సూట్‌కేస్ పెట్టాలన్నా కుస్తీ పట్టాలి. ఇథనాల్ అంటారా, లీటరుకి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు ఎనర్జీ తక్కువ, మైలేజీ పడిపోద్ది. హైడ్రోజన్ వినడానికి బాగానే ఉంటుంది కానీ కరెంటుతో నీళ్లని విడగొట్టి, 700 బార్ ప్రెజర్‌లో (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 700 రెట్లు) ట్యాంకులో కుక్కి, మళ్లీ కార్లో కరెంటు చేసుకోవడం... సగానికి పైగా దార్లోనే పోతుంది, ఆ కరెంటేదో డైరెక్ట్‌గా బ్యాటరీకే పెట్టొచ్చుగా!

రాత్రి ఇంట్లో ప్లగ్ పెట్టుకునే వీలుంటే నా ఓటు ఈవీకే. మాది మూడో అంతస్తు, కింద పార్కింగ్‌లో ప్లగ్ పాయింటే లేదు. సీఎన్‌జీనే ఇంకో రెండేళ్లు లాగించాలి.