‘డుట్’ అనే ఒక్క దెబ్బ

ఇండోనేషియా పాటలు వినడం మొదలుపెట్టిన కొత్తలో, భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా నడక మాత్రం ఎప్పుడో విన్నట్టే తోచి, ఒక పాటను ఆపి మళ్ళీ మొదటినుంచి వేసుకున్నాను. ఈసారి గాయకుడి గొంతును వదిలి వెనక మోగుతున్న వాద్యానికి చెవి అప్పగించాను. గెండాంగ్ అనే అక్కడి డోలు నాలుగో మాత్ర మీద ‘డాంగ్’ అంటుంది. తరువాతి ఆవర్తం మొదటి మాత్ర మీద, తబలాలో డగ్గా మీద అరచేయి ఒత్తి జరిపినప్పుడు వచ్చే మూలుగు వంటి ‘డుట్’ పడుతుంది. ఆ రెండు శబ్దాలే కలిసి ‘డాంగ్‌డుట్’ అని ఆ సంగీతానికి పేరైపోయాయి.

అయితే ఆ పేరు ముద్దుగా పెట్టినది కాదు. 1970ల ఆరంభంలో, ఇది బస్తీ జనం వినే పాట అని చిన్నచూపు చూసిన కలవారు ఎగతాళిగా అన్న మాట అది. అంతకుముందు దీనిని మెలాయు, అంటే మలయ్, సంగీతమనే అనేవారు. హిందీ సినిమాలు అక్కడి థియేటర్లలో విరివిగా ఆడిన రోజులలో ఆ బాణీలూ తబలా నడకా మెలాయు వాద్యబృందాలలోకి చేరాయి. ఎల్యా ఖాదమ్ పాడి పేరు తెచ్చుకున్న పాటకు ‘బొనెకా దరి ఇండియా’, అంటే ‘భారతదేశపు బొమ్మ’ అనే పేరుండటం ఆ రాకపోకలకు గుర్తు.

ఎగతాళి మాటను బిరుదుగా మార్చుకున్నవాడు రోమా ఇరామా. 1946లో పశ్చిమ జావాలోని తాసిక్‌మలాయాలో పుట్టిన ఈయన, సొనెతా అనే బృందాన్ని కట్టి, వేణువుకూ గెండాంగ్‌కూ బ్రిటిష్ రాక్ బృందం డీప్ పర్పుల్ తరహా ఎలక్ట్రిక్ గిటార్‌ను జతచేసి, పాటలోనే ఇస్లాం నీతిబోధ చేస్తూ ‘డాంగ్‌డుట్ రాజు’ అనిపించుకున్నాడు. 1977 ఎన్నికలలో ప్రతిపక్షాన నిలిచినందుకు అప్పటి అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వపు టీవీ ఆయనను ఏళ్ళ తరబడి దూరం పెట్టింది. అలా వెలి రుచి చూసినవాడే 2003లో, నడుమును బరమాలా తిప్పుతూ ఆడే తూర్పు జావా గాయని ఇనుల్ దరతిస్తాను తన పాటలు పాడవద్దనడం నాకు మింగుడుపడలేదు. ఆమె పక్షాన నిలిచినవారిలో మాజీ అధ్యక్షుడు, మతపెద్ద అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఉన్నారు.

తూర్పు జావాలో గెండాంగ్ జోరు పెంచి వాయించే రీతికి ‘కోప్లో’ అని పేరు. దాని వరస చూస్తే బస్తీ చిన్నచూపు ఎక్కడికి పోయిందో తెలుస్తుంది: 2022 ఆగస్టు 17న, స్వాతంత్ర్య దినోత్సవాన, బన్యువాంగికి చెందిన 12 ఏళ్ళ ఫరేల్ ప్రయోగ అధ్యక్ష భవనం ముందు జావా భాషలో ‘ఓజో దిబాందింకే’ అనే డాంగ్‌డుట్ పాట పాడగా మంత్రులు సైతం లేచి చిందేశారు.

ఆ పాట పేరుకు ‘పోల్చవద్దు’ అని అర్థం. కానీ పోల్చకుండా ఉండటం నా వల్ల కాలేదు. డాంగ్‌డుట్ కచేరీలో పాట సాగుతుండగానే శ్రోతలు వేదిక దగ్గరకు వెళ్ళి, గాయని చేతికి నోట్లు ఒక్కొక్కటిగా అందిస్తారు; దానిని ‘సావెర్’ అంటారు. మా ఊళ్ళో పౌరాణిక నాటకం ఆడిన రాత్రి పద్యం నచ్చినవాళ్ళు ‘వన్స్‌మోర్’ అని అరిచి, పది రూపాయల నోటు చదివించేవారు. అది గాలికి ఎగిరిపోకుండా హార్మోనిస్టు మోచేత్తో నొక్కిపెట్టి, శ్రుతి ఆపకుండా వాయిస్తూనే ఉండేవాడు.