కొండకర్ల ఆవ నుంచి వంజంగి దాకా, మంచు వెంట మూడు తెల్లవారుజాములు

విశాఖ నుంచి కొండకర్ల ఆవ గంటన్నర దూరం. లంబసింగికైనా వంజంగికైనా మూడు, మూడున్నర గంటలు. ఫొటోలు తీసేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. పొగమంచు తేదీని బట్టి రాదు, రాత్రిని బట్టి వస్తుంది. నెల ముందే టికెట్లు కొనుక్కుని వెళ్లే చోట ఆ రాత్రి మనకు దొరుకుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఇంటికి దగ్గరి చోటైతే మధ్యాహ్నం ఆకాశం చూసి, సాయంత్రం సంచి సర్దుకుని, తెల్లవారకముందే అక్కడ ఉండొచ్చు. డిసెంబరు రెండో వారంలో మేం చేసిన మూడు రోజుల తిరుగుడు అలా మొదలైందే.

ఎలాంటి రాత్రి కావాలంటే, నేలలో ఇంకా తడి ఉండాలి, ఆకాశంలో మబ్బు ఉండకూడదు. మబ్బు కప్పితే నేల వేడి పైకి పోదు. నేల చల్లబడకపోతే దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడదు, మంచు కట్టదు. గాలి వేగం గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు దాటకూడదు. దాటితే పైనున్న పొడిగాలి కిందికి కలిసి మంచును చెదరగొడుతుంది. ఫోన్లో వాతావరణం చూసేటప్పుడు చాలామంది ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తారు. పక్కన డ్యూ పాయింట్ అని ఇంకో అంకె ఉంటుంది, గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత అది. తెల్లవారుజామున ఈ రెండింటి మధ్య తేడా రెండు డిగ్రీల లోపు ఉందంటే బయల్దేరొచ్చు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్న వారం మాత్రం కొండెక్కకండి. మబ్బు మీ కాళ్ల కింద ఉండదు, మీరే మబ్బులో ఉంటారు. గంటసేపు తెల్లగోడను చూసి దిగిరావాలి.

మొదటి తెల్లవారుజాము ఆవలో. ఉత్తరాంధ్రలో ఆవ అంటే పల్లంలో నిలిచిన నీటి తావు. సగం చెరువు, సగం తుంగ. మన రాష్ట్రంలో కొల్లేరు తర్వాత పెద్ద మంచినీటి సరస్సుగా దీన్నే చెబుతారు. విశాఖలో నాలుగింటికి బయల్దేరితే అయిదున్నరకల్లా గట్టు మీద ఉంటాం. ఇక్కడ మంచు మందంగా పట్టదు. నీటికి మూరెడు, బారెడు ఎత్తున పల్చని పొరలా పరుచుకుంటుంది. రాత్రంతా చల్లబడిన గాలి ఇంకా గోరువెచ్చగా ఉన్న నీటి మీదికి జారడం వల్ల వచ్చే ఆవిరి అది. ఎండ తగిలిన అరగంటలో పోతుంది. అందుకే గట్టు మీద టీ తాగుతూ కూర్చోకూడదు, నేరుగా దోనె ఎక్కాలి.

ఆ దోనెను ఒక్కసారి దగ్గర నుంచి చూడండి. రెండు తాటి మొద్దులను లోపల దొలిచి, పక్కపక్కన పెట్టి, అడ్డకర్రలతో బిగించి కడతారు. మొద్దు లోపలి గోడకు గొడ్డలి దెబ్బల గుర్తులు వరసగా కనిపిస్తాయి. పీచు నల్లబడి, అడుగున ఎప్పుడూ వేలెడు నీళ్లు ఊరుతూ ఉంటాయి. కెమెరా సంచి ఆ అడుగున పెట్టారంటే కింది అర తడిసినట్టే. ఒడిలోనో, అడ్డకర్రకు తగిలించో ఉంచుకోవాలి. నడిపే ఆయన వెనక నిలబడి గెడతో తోస్తాడు. "నిలబడకండి బాబూ, తిరగబడిపోద్ది" అని ముందే చెబుతాడు. ఆ మాట వినాలి. ఫొటోలకు కూడా కూర్చోవడమే మేలు. దోనె అంచు నీటికి జానెడు ఎత్తులోనే ఉంటుంది కాబట్టి లెన్సు పక్షి కంటికి సమానంగా వస్తుంది. గట్టు మీద నిలబడి తీస్తే పక్షి వెనక తుంగ అంతా చిందరవందరగా పడుతుంది. దోనెలో నుంచి తీస్తే వెనక దూరపు మంచు మాత్రమే మిగులుతుంది.

దోనెలో ట్రైపాడ్ పనికిరాదు. మోకాలి మీద మోచేయి ఆనించి, 300 ఎంఎం లెన్సుతో షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గకుండా పెట్టి, ఐఎస్ఓను, అంటే వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని, కెమెరాకే వదిలేయండి. ఆరున్నరకి అది 3200 దాకా పోతుంది. పోనివ్వండి. గరుకు తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోను బాగు చేయలేం. ఎగిరే పక్షికైతే 1600వ వంతు కావాలి. ఆ ఉదయం నత్తగుల్ల కొంగలు, సూదితోక బాతులు, తామరాకుల మీద పొడుగు వేళ్లతో నడిచే జకానాలు కనిపించాయి. జకానాకు పొడవాటి తోక ఉంటుందని బొమ్మల్లో చూసి వెతుకుతారు. ఆ తోక వానాకాలం గూడు కట్టే రోజుల్లోనే ఉంటుంది, చలికాలంలో ఉండదు. బాతులు ఒక్కసారిగా లేస్తే బాగుంటుందని గెడతో నీళ్లు కొట్టమని అడిగేవాళ్లున్నారు. దయచేసి అడగకండి. వేల మైళ్లు ఎగిరొచ్చిన పక్షి ఇక్కడ దిగేది తిని బలం పుంజుకోవడానికి. లేపిన ప్రతిసారీ ఆ బలం కొంత పోతుంది. గుర్రపుడెక్క ఇప్పటికే నీళ్లను కప్పేస్తోంది, గట్టు పొడవునా ప్లాస్టిక్ సీసాలు. ఆవ మీద మన వంతు బరువు కూడా వేయొద్దు.

ఎనిమిదికి ఆవ నుంచి బయటపడి నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కాం. నర్సీపట్నం నుంచి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లు. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు. చలికి బయట ఉన్నవాడు కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు. ఫొటోలకు లంబసింగి ఊరి కన్నా ఆరేడు కిలోమీటర్ల అవతలి తాజంగి జలాశయం మేలని మా లెక్క. ఊళ్లో రోడ్డు పక్కన చలిమంటలు, బండ్లు, జనం. తాజంగిలో నీళ్లు, చుట్టూ కొండలు. సాయంత్రమే వెళ్లి గట్టు వెంట నడిచి, ఏ ఎండుచెట్టు ముందు నిలబడాలో, ఏ వంపులో నీళ్లు కదలకుండా ఉంటాయో గుర్తు పెట్టుకున్నాం. చీకట్లో వెళ్లి చోటు వెతుక్కుంటే ఎంతసేపటికీ దొరకదు.

మర్నాడు అయిదున్నరకి గట్టు మీద ఉన్నాం. ఇక్కడ తప్పులు జరిగేది మూడు చోట్ల. మొదటిది ట్రైపాడ్. ఒడ్డు బురద పైకి గట్టిగా కనిపించినా, నాలుగు సెకన్ల ఎక్స్‌పోజర్ లోపలే కాలు వెంట్రుకవాసి దిగుతుంది. తెర మీద చిన్నగా చూస్తే తెలియదు, ఇంటికొచ్చి పెద్దది చేసినప్పుడు కొండ అంచు రెండుగా కనిపిస్తుంది. మేం మూడు కొబ్బరి చిప్పలు తీసుకెళ్లి, బోర్లించి, ఒక్కో కాలి కింద ఒకటి పెడతాం. రెండోది ఫోకస్. మంచులో గీతలుండవు కాబట్టి ఆటోఫోకస్ అటూ ఇటూ తిరిగి ఏదో ఒక చోట ఆగుతుంది. లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి, చేత్తో తిప్పి, ఎండుకొమ్మ అంచు మీద నిలపండి. ఆ తర్వాత రింగు మీద చిన్న టేపు ముక్క అంటిస్తే చేయి తగిలినా జరగదు.

మూడోది వెలుగు. కెమెరా మీటరుకు తెల్లదనం తెలియదు, ఎదుట ఉన్నదంతా మధ్యస్థపు బూడిద అనుకుంటుంది. అందుకే మీటరు చెప్పినట్టు తీస్తే మంచు మురికి పట్టిన గుడ్డలా వస్తుంది. మంచు ఒక్కటే నిండిన దృశ్యానికి ముప్పాతిక నుంచి ఒక స్టాప్ దాకా ఎక్కువ ఇవ్వాలి (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు). సూర్యుడు చట్రంలోకి రాగానే లెక్క తిరగబడుతుంది, దాని చుట్టూ ఆకాశం తెల్లగా మాడిపోకుండా అంతే తగ్గించాలి. వెలుగు పంపకాన్ని చూపే గ్రాఫ్, అదే హిస్టోగ్రామ్, గుట్ట కుడివైపు జరిగి ఉండాలి, కుడి గోడను తాకకూడదు. రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచితే తెల్లవారుజాము నీలాన్ని కెమెరా తప్పనుకుని చెరిపేస్తుంది. డేలైట్ మీద పెట్టి, రా ఫైలుగా, అంటే కెమెరా మార్పులు చేయని ముడి ఫైలుగా తీయండి.

చింతపల్లి, జి.మాడుగుల మీదుగా పాడేరు చేరేసరికి మధ్యాహ్నం. దారిలో వలిసె పూలు చూడాలనుకునేవాళ్లు నవంబరులో రావాలి. డిసెంబరు మధ్యకి పసుపు పోయి గింజ పట్టేసి ఉంటుంది.

వంజంగి పాడేరుకు కూతవేటు దూరం. చివర్లో కొండ మీదికి నడక. కెమెరా, ట్రైపాడ్, నీళ్లు కలిపి ఏడెనిమిది కిలోలు మోస్తూ ఎక్కడానికి గంట పెట్టుకోండి. శని, ఆదివారాల్లో తెల్లవారకముందే బండ్లు బారులు తీరతాయి. మేం బుధవారం వెళ్లాం, అయినా పైన జనం ఉన్నారు. నాలుగున్నరకి నడక మొదలుపెడితే అయిదున్నరకి అంచు మీద చోటు దొరుకుతుంది. చెమట పట్టిన చొక్కాతో పైన గాలికి నిలబడితే వణుకు వస్తుంది. ఇంకో చొక్కా సంచిలో ఉంచుకోండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి రెండో బ్యాటరీ చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనేలా ఉండాలి.

డిసెంబరు మధ్యలో ఇక్కడ సూర్యోదయం 6:20, 6:25 మధ్య. సూర్యుడు సరిగ్గా తూర్పున రాడు, తూర్పు నుంచి ఆగ్నేయం వైపు సుమారు 25 డిగ్రీలు జరిగి వస్తాడు. ముందు వైపు ఏ చెట్టు అడ్డొస్తుందో దిక్సూచితో చూసుకుని నిలబడాలి. ఆరింటికి ఎఫ్8 (లెన్సు రంధ్రం కొలత), ఐఎస్ఓ 100 మీద ఎనిమిది సెకన్ల దాకా పడుతుంది. అంతసేపు తీస్తే లోయలోని మంచు పాలమీగడలా నునుపుగా వస్తుంది. 6:10కి అర సెకనుకు తగ్గుతుంది, అప్పుడు మంచులోని అలలు, చీలికలు విడివిడిగా కనిపిస్తాయి. రెండూ వేర్వేరు ఫొటోలు, రెండూ తీయండి. సూర్యుడు అంచు దాటాక రెండేసి స్టాపుల తేడాతో మూడు ఫ్రేములు తీసుకుంటే ఆకాశమూ నేలా రెండూ దక్కుతాయి.

వెడల్పు లెన్సుతో మొత్తం లోయను పట్టాలని అందరికీ అనిపిస్తుంది. పట్టి చూస్తే కింద తెలుపు, పైన తెలుపు, మధ్యలో సన్నని గీత. 70-200 లెన్సు తగిలించి 150 దాటించండి. కొండ వెనక కొండ దగ్గరికి జరిగి, ముందుది ముదురుగా, వెనకది లేతగా, ఆ వెనకది ఇంకా లేతగా పొరలు కడతాయి. ఆ పొరల్లో ఎక్కడో ఒక్క నల్లటి వస్తువు ఉండాలి. దగ్గరి చెట్టో, బండరాయో. అది ఉంటేనే కంటికి మిగతా తెలుపు దూరమని తెలుస్తుంది. ఇంటికొచ్చి సరిచేసేటప్పుడు కూడా ఆ వస్తువు ఒక్కదాన్నే నల్లగా ఉంచి, మిగతా పొరలను తాకకుండా వదలాలి. ఎడిటింగ్‌లో మసకను తగ్గించే డీహేజ్ గీతను కుడివైపు లాగితే మీరు కొండెక్కి తెచ్చుకున్న మంచును మీరే తుడిచేసినట్టు.

అందరూ తూర్పుకే తిరిగి ఉంటారు. సూర్యోదయానికి పావుగంట ముందు ఒకసారి పడమర చూడండి. దిగువన ముదురు నీలం పట్టీ, దాని మీద గులాబీ పట్టీ కనిపిస్తాయి. ఆ నీలం మన భూమి నీడే. ఉదయించిన తర్వాత వెలుగుకు వీపు పెట్టి నిలబడి, ఎదుటి లోయలో మంచు దగ్గరగా ఉందంటే మీ నీడ దాని మీద పడి, తల చుట్టూ రంగుల వలయం కనిపించే అవకాశం ఉంది. ఎక్కువసేపు ఉండదు. కాబట్టి తూర్పు వైపు మొదటి పది ఫొటోలయ్యాక వెనక్కి తిరగడం అలవాటు చేసుకోండి.

ఎనిమిది ప్రాంతంలో వాలు వేడెక్కి మంచు పైకి లేస్తుంది, అంచు దాకా వచ్చి అందరినీ కప్పేస్తుంది. ఇక అయిపోయిందని జనం దిగిపోతారు. మాకు ఎక్కువ ఇష్టమైన ఫొటోలు ఆ తర్వాతవే. పది గజాల దూరంలోని చెట్టు మాయమై, మళ్లీ సగం కనిపించి, మళ్లీ మాయమవుతుంది. సాలెగూడు మీద మంచు చుక్కలు వరసగా కట్టి, ఒక్కో చుక్కలో కొండ తలకిందులుగా ఉంటుంది. దాన్ని తీయాలంటే గూడుకు సమాంతరంగా కెమెరా పట్టి, ఎఫ్11 పెట్టి, గాలి ఆగే దాకా ఊపిరి బిగబట్టి ఉండాలి. ఫోన్ ఉన్నవాళ్లు నైట్ మోడ్ ఆపేసి, తెర మీద తెల్లటి చోట వేలు నొక్కి పట్టి వెలుగును లాక్ చేసి, కొంచెం పైకి జరిపితే చాలు, మంచు మంచులాగే వస్తుంది.

లెన్సు మీద తడి గురించి కూడా చెప్పాలి. నిర్మలమైన ఆకాశం కింద లెన్సు అద్దం చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది, దాంతో మంచు దాని మీదే పడుతుంది. తీయని సమయంలో తువ్వాలు కప్పి, లెన్సును కిందికి వంచి ఉంచాలి. వ్యూఫైండర్ మీద ఊపిరి వదలకూడదు. దిగేటప్పుడు ఇబ్బంది ఇంకా ఎక్కువ. కొండ మీద చల్లబడిన కెమెరాను కింద వెచ్చని తేమగాలిలో బయటికి తీస్తే లెన్సు లోపలి అద్దాల మీద కూడా నీరు పట్టి, కొన్నాళ్లకు బూజు వస్తుంది. పైనే కార్డు, బ్యాటరీ బయటికి తీసుకుని, కెమెరాను జిప్పు కవర్లో గాలి చొరకుండా మూసి, సంచిలో పెట్టేయాలి. కొండ దిగాక గంటన్నర దాకా తెరవకూడదు.

మినుములూరు కాఫీ తోటల మధ్య నుంచి ఘాట్ దిగి చోడవరం వైపు వచ్చేసరికి పది దాటింది. చెరకు తోటల పక్కన బెల్లం పొయ్యిలు మండుతున్నాయి, పెనాల మీద నుంచి ఆవిరి లేస్తోంది. కొండ దిగి అప్పటికి గంటే అయింది. బెల్లం కొనుక్కుని, ఇంకో అరగంట అక్కడే కూర్చుని, అప్పుడు జిప్పు తీశాం.