ఐదు పప్పులు, ఒక స్విమ్మరు

మా పెద్దవాడు స్విమ్మింగ్ టీములో చేరినప్పట్నుంచీ ఏ డబ్బా చేతికొచ్చినా వెనక్కి తిప్పి ప్రోటీన్ ఎన్ని గ్రాములో చూస్తున్నాడు. డల్లాస్‌లో ఈ వయసు పిల్లలందరికీ ఇదే ధ్యాస. మొన్న అన్నం దగ్గర కూర్చుని, "అమ్మా, పప్పు కంప్లీట్ ప్రోటీన్ కాదట కదా. నాలుగైదు రకాలు కలిపి వండితే అవుతుందా?" అన్నాడు. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహా కూడా అదే.

అలా అవదు. కంప్లీట్ ప్రోటీన్ అంటే, ఒంటికి తిండి నుంచే అందాల్సిన అమైనో ఆమ్లాలు (ప్రోటీన్‌ని కట్టే ఇటుకలు) అన్నీ సరిపడా ఉన్నది. లైసిన్, మెథియోనిన్ వాటిలో రెండు. కంది, పెసర, మినప, శనగ, మైసూర్ పప్పు, దేన్లో చూసినా లైసిన్ దండిగా ఉంటుంది, మెథియోనిన్ తక్కువ. అప్పుల్లో మునిగిన ఐదుగురు కలిస్తే ఎవరి అప్పు తీరుతుంది? తీర్చేది బియ్యం. అందులో లైసిన్ తక్కువ, మెథియోనిన్ పప్పులకన్నా నయం. పప్పన్నం, పులగం, ఇడ్లీ, గుప్పెడు బియ్యం వేసి రుబ్బిన పెసరట్టు, అన్నింట్లో ఉన్నది ఈ జతే. చివర్లో పెరుగన్నం కూడా పడితే ఇక చింతే లేదు. అన్నీ ఒకే పూట కలవాలనీ లేదు. ఒకే పూట కలవాలన్న మాట 1970లలో అమెరికాలో బాగా పాకింది గానీ, రోజు మొత్తం మీద అన్నీ అందితే చాలని తర్వాత తేల్చారు.

(అన్నం మానేసి గిన్నెడు పప్పు సూపులా తాగే మావారికి ఇదంతా చెప్పాను. వినలేదు.)

అసలు చూసుకోవాల్సింది ఎంత తిన్నాడన్నది. ఉడికిన పప్పు వంద గ్రాములకు ప్రోటీన్ సుమారు 7 నుంచి 9 గ్రాములే. పల్చటి పప్పుచారు రెండు గరిటెలు పోసుకుని ఈత కొడతానంటే కుదరదు.

అయినా నేను పప్పులు కలుపుతూనే ఉంటాను, రుచి కోసం. కప్పు బియ్యానికి అన్ని పప్పులూ కలిపి కప్పు. నాలుగు గంటలు నానబెట్టి, ఎండుమిర్చి, అల్లం, జీలకర్ర వేసి బరకగా రుబ్బుతాను. శనగపప్పు అంచుల్లో కరకరలాడుతుంది, మినప్పప్పు మధ్యలో మెత్తదనం ఇస్తుంది. తమిళులు అడై అంటారు, మా ఇంట్లో పప్పుల అట్టు. పెనం మీద మందంగా పరిచి, నడుమ చిల్లు పెట్టి నూనె వేయడం ఇప్పుడు వాడి పని. తినేది సాల్సాతో. అల్లప్పచ్చడి వైపు చూడడు. దానికోసం నేను తగువు పెట్టుకోను, అట్టు లోపలికి పోతోంది కదా.

నువ్వుల్లోనూ మెథియోనిన్ బాగా ఉంటుంది, ఇడ్లీకి నువ్వులపొడి మంచి తోడు. లంచ్ బాక్సులో మాత్రం పెట్టను. 2023 జనవరి నుంచి ఇక్కడ నువ్వులు కూడా ముఖ్యమైన ఎలర్జీ పదార్థాల జాబితాలో చేరాయి, వాడి టేబుల్ దగ్గర కూర్చునే పిల్లాడికి అవి పడవు. అందుకని నువ్వులపొడి, నెయ్యి శనివారం పొద్దున, ప్రాక్టీసు నుంచి వచ్చాకే.