కోబ్రా కవరు, డిసెంబరు లెక్క

2024 ఆగస్టులో మా ఆయనకి లేఆఫ్ అని చెప్పిన రోజే ఇంట్లో పనులు పంచేసుకున్నాం. ఉద్యోగం వెతుక్కోవడం ఆయన వంతు, ఇన్సూరెన్స్ సంగతి చూడటం నా వంతు. హెచ్-1బి ఉద్యోగ వీసా వాళ్లకి ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి ఇచ్చే గడువు, గ్రేస్ పీరియడ్, 60 రోజులే కదా, ఆలోపు ఇంకో కంపెనీ వీసా పిటిషన్ వేయాలి. ఆయనకి ఇంటర్వ్యూలు తప్ప ఇంకో ధ్యాస లేదు. నాది హెచ్-4, అంటే భార్యగా వచ్చిన వీసా, వర్క్ పర్మిట్ రాలేదు. గంటసేపు ఫోన్‌లో ఆ హోల్డ్ మ్యూజిక్ వినే ఓపిక ఎటూ నాకే ఉంది.

మేముండేది డాలస్ దగ్గర. పాపకి ఆరేళ్లు, ఆస్తమా ఉంది. నేను రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. మా ఆయనకి జలుబు తప్ప ఏమీ రాదు, ఇన్సూరెన్స్ మాత్రం ఆయన పేరు మీద.

హెచ్‌ఆర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న కవరేజీ ఏ తారీఖుతో ఆగుతుందని. కొన్ని కంపెనీల్లో ఆఖరి పని రోజుతోనే ఆగిపోతుంది, కొన్నిట్లో నెలాఖరు దాకా ఉంటుంది. మాకు ఆగస్టు 31 దాకా ఉందన్నారు. ఉన్న ఆ రెండు వారాల్లో పాప ఇన్‌హేలర్లు, నా మాత్రలు మూడేసి నెలలకి తెచ్చిపెట్టుకున్నాను. ఎఫ్‌ఎస్‌ఏ, అంటే వైద్య ఖర్చుల కోసం ట్యాక్స్ లేకుండా జీతంలోంచి పక్కన పెట్టే ఖాతా, దాని సంగతి చాలామందికి తెలీదు. ఏడాదికి 1,200 డాలర్లు అని ఎంచుకుని, అప్పటికి జీతంలోంచి 800 మాత్రమే కోసి ఉన్నా సరే, ఉద్యోగం ఆఖరి రోజు లోపు అయిన వైద్య ఖర్చులకి మొత్తం 1,200 వాడుకోవచ్చు. మిగతాది కట్టమని తర్వాత ఎవరూ అడగరు. వాడకపోతే మాత్రం పోయినట్టే. మా ఆయన కళ్లజోడు ఫ్రేము రెండేళ్లుగా వదులుగా ఉంది, అది మారింది.

ఇక కోబ్రా అనే చట్టం. ఇరవై మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ పనిచేసే కంపెనీ అయితే, ఉద్యోగం పోయాక కూడా పాత ఇన్సూరెన్స్‌నే 18 నెలల దాకా కొనసాగించుకునే హక్కు ఉంటుంది. కాకపోతే కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి, పైన 2 శాతం ఖర్చుల కింద. కోబ్రా వివరాల ఉత్తరం రాకముందే ఎంతవుతుందో ఉజ్జాయింపుగా తెలుసుకోవాలంటే పాత డబ్ల్యూ-2 (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, ట్యాక్స్ లెక్క ఫారం) తీసి 12వ గడిలో డీడీ అన్న కోడ్ పక్కన అంకె చూడండి. ఆ ఏడాది మీ ఇన్సూరెన్స్‌కి మీరూ కంపెనీ కలిసి కట్టింది అదే. మాది పన్నెండుతో భాగిస్తే 1,900 దాకా తేలింది. మరీ ఎక్కువేమీ కాదు. ఆరోగ్య విధానాల మీద పరిశోధన చేసే కేఎఫ్‌ఎఫ్ సంస్థ 2024 సర్వేలో కంపెనీల ఫ్యామిలీ ప్లాన్ల సగటు ఏడాదికి 25,572 డాలర్లు, అందులో ఉద్యోగి కట్టేది సగటున 6,296. ఇన్నాళ్లూ ఆ చిన్న అంకె ఒక్కటే కంటికి కనిపించేది.

మన వాట్సాప్ గ్రూపుల్లో కోబ్రా గురించి రెండే మాటలు. ఒకరు "వెంటనే కట్టేయండి, రిస్క్ వద్దు" అంటారు, ఇంకొకరు "అంత ఎవడు కడతాడు, ఆ కవరు చింపి పారేయండి" అంటారు. నన్నడిగితే రెండూ తప్పే. ఎంచుకోవడానికి 60 రోజుల గడువు, ఎంచుకున్నాక మొదటి డబ్బు కట్టడానికి ఇంకో 45 రోజులు. ఎంచుకుంటే పాత కవరేజీ ఆగిన రోజు నుంచే లెక్క, మధ్యలో అయిన ఖర్చులూ అందులోకి వస్తాయి. అప్పటిదాకా ప్రీమియాలన్నీ కలిపి కట్టాలనుకోండి, అది వేరే సంగతి. అంటే ఆ కవరు విప్పకుండా సొరుగులో ఉంచుకున్నా సరే, గడువు దాటేదాకా అదొక భరోసా. ఆ కవరు రావడమే నెమ్మదిగా వస్తుంది. కంపెనీకి 30 రోజులు, ప్లాన్ చూసేవాళ్లకి ఇంకో 14 రోజులు టైం ఉంటుంది. మాకు సెప్టెంబరు చివర్లో వచ్చింది, నెలకి 2,040 డాలర్లు.

సెప్టెంబరు నెలంతా అలా ఆ కవరు వస్తుందన్న ధీమా మీదే గడిపాం. ఒక శనివారం పాపకి దగ్గు ఎక్కువైతే అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్లి చేత్తో 150 డాలర్లు కట్టాం. మా ఆయన పార్కింగ్‌లోనే లెక్క మొదలెట్టారు, కోబ్రా కట్టి ఉంటే ఎంతయ్యేది అని. కాస్త ఊపిరి పీల్చుకోనీ అన్నాను.

అసలు పని మార్కెట్‌ప్లేస్‌లో, అంటే సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ సైటులో. టెక్సస్‌కి సొంత సైటు లేదు, హెల్త్‌కేర్ డాట్ గవ్‌లోనే చేయాలి. గూగుల్‌లో వెతికితే అచ్చం అలాంటి పేర్లతో బోలెడు ప్రైవేటు సైట్లు పైన కనిపిస్తాయి. వాటిలో ఫోన్ నంబరు ఇచ్చిన మా పక్కింటావిడకి నెలరోజులు రోజంతా కాల్సే. ఉద్యోగం ద్వారా ఉన్న కవరేజీ పోయిందంటే 60 రోజుల స్పెషల్ ఎన్‌రోల్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో ప్లాన్ కొనే అవకాశం, ఇస్తారు. పోవడానికి ముందే ఎంచుకుంటే గ్యాప్ లేకుండా వస్తుంది, పోయాక ఎంచుకుంటే పై నెల 1వ తారీఖు నుంచి మొదలు. పాత జబ్బులున్నాయని కాదనడానికి గానీ రేటు పెంచడానికి గానీ 2014 నుంచి వీల్లేదు. చవగ్గా కనిపించే షార్ట్-టర్మ్ ప్లాన్లకి ఆ నియమం లేదు. మా ఇంట్లో ఉన్న ఆస్తమాకీ థైరాయిడ్‌కీ అవి పనికిరావు. మనవాళ్లలో ఎవరో ఒకరు "మీ అత్తగారు వచ్చినప్పుడు తీసుకున్నారే, ఆ విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోండి" అని కూడా అంటారు. నవ్వి ఊరుకోండి.

దరఖాస్తులో నన్ను కూర్చోబెట్టిన ప్రశ్న ఆదాయం గురించి. ఈ నెల ఆదాయం ఎంత అని ఒకచోట, ఈ ఏడాది మొత్తం ఎంత అని ఇంకోచోట అడుగుతారు. చూడటానికి ఒకటే ప్రశ్నలా ఉంటుంది, కానీ రెండిటికీ పని వేరు. పిల్లలకి మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకి ప్రభుత్వ ఇన్సూరెన్స్) వస్తుందా రాదా అన్నది ఈ నెల ఆదాయం చూసి తేలుస్తారు. మనకి ప్రీమియంలో సబ్సిడీ ఎంతన్నది ఏడాది ఆదాయం మీద. మాకు సెవరెన్స్, అంటే ఉద్యోగం తీసేసినప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, ఆగస్టులోనే ఒక్కసారి వచ్చేసింది, సెప్టెంబరులో ఆదాయం సున్నా. దాంతో పాప ఫైలు మెడికెయిడ్‌కి వెళ్లింది.

మా ఆయన ఉలిక్కిపడ్డారు, "గ్రీన్‌కార్డుకి ఇబ్బంది అవదా" అని. అమెరికాలో పుట్టిన పిల్ల తన హక్కుగా తీసుకునే మెడికెయిడ్‌ని తల్లిదండ్రుల లెక్కలో వేయరు. గ్రీన్‌కార్డు అడిగేవాళ్లు ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూసే పబ్లిక్ ఛార్జ్ నిబంధన, అప్పటికి అమల్లో ఉన్న 2022ది, అలాగే చెప్పేది, మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ కూడా లెక్కలోకి వచ్చేది కాదు. ఆయన నా మాట నమ్మలేదు, లాయర్‌ని అడిగాకే నమ్మారు. సరే, అదీ మంచిదే.

పాప డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేసి "మెడికెయిడ్ తీసుకుంటారా" అంటే రిసెప్షన్‌లో అమ్మాయి "ఏ స్టార్ ప్లాన్" అని తిరిగి అడిగింది. టెక్సస్‌లో పిల్లల మెడికెయిడ్‌ని స్టార్ పేరుతో ఒక్కో ప్రాంతంలో కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు నడుపుతాయి, మనం ఒకటి ఎంచుకోవాలి. నా దగ్గరున్న కాగితంలో పేర్లు ఒక్కొక్కటే చదివాను. మొదటిదానికి నో అంది, రెండోదానికి ఎస్ అంది. పెద్దవాళ్ల ప్లాన్లకీ ఇంతే. "ఫలానా ఇన్సూరెన్స్ తీసుకుంటారా" అని అడిగితే అవుననే అంటారు. అదే కంపెనీ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మే ప్లాన్‌కి డాక్టర్ల లిస్టు వేరేగా ఉంటుంది. కాబట్టి ప్లాన్ పేరు అక్షరం పొల్లుపోకుండా చదివి అడగాలి.

ఇప్పుడు డిసెంబరు లెక్క, అంటే డిసెంబరు ఆఖరుకి ఏడాది ఆదాయం ఎంత తేలుతుందన్న అంచనా. జనవరి నుంచి ఆగస్టు దాకా జీతం, సెవరెన్స్ కలిపితే 90 వేలు. ఇంకో ఉద్యోగం రాకపోతే అంతే. నవంబరులో వస్తే లక్ష దాటుతుంది. తక్కువ రాస్తే నెలనెలా సబ్సిడీ ఎక్కువ వస్తుంది, కానీ ట్యాక్స్ టైంలో 8962 ఫారంలో అసలు ఆదాయంతో పోల్చి, ఎక్కువ ఇచ్చింది వెనక్కి తీసుకుంటారు. నేను 1,05,000 అని రాశాను. ఉద్యోగం వస్తుందన్న నమ్మకంతో రాశానని మా ఆయన సంతోషించారు. నేను రాసింది వెనక్కి కట్టాల్సి వస్తుందన్న భయంతో.

మా ఇద్దరికీ బ్రాంజ్ ప్లాన్ (సిల్వర్ కంటే ప్రీమియం తక్కువ, డిడక్టిబుల్ ఎక్కువ ఉండే రకం) తీసుకున్నాను, సబ్సిడీ పోను నెలకి 400 చిల్లర. డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యే ముందు మనం పెట్టుకోవాల్సిన ఖర్చు, 7,500 అని చూసి మా అన్నయ్య ఫోన్‌లోనే కోప్పడ్డాడు. కానీ కొత్త ప్లాన్‌లో డిడక్టిబుల్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, జనవరిలో ఇంకోసారి మొదలవుతుంది. మిగిలింది మూడు నెలలు. ఆ మూడు నెలల్లో సిల్వర్ ప్లాన్ డిడక్టిబుల్ మాత్రం నిండుతుందా? తక్కువ ఆదాయం వాళ్లకి సిల్వర్‌లో కోపేలు (డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా మనం కట్టేది), డిడక్టిబుల్ తగ్గించి ఇస్తారు, అలాంటప్పుడు సిల్వరే తీసుకోవాలి. మా ఆదాయానికి అది రాదు. పెద్ద ప్రమాదం జరిగితే ఇల్లు గుల్ల కాకుండా ఉండటానికి కొన్నాను, థైరాయిడ్ మాత్రకి కాదు. ఆ మాత్ర నెలకి పది డాలర్లు కూడా అవదు.

అందరికీ ఇదే సరిపోదు. మా స్నేహితురాలి భర్తకి జూన్‌లో మోకాలి ఆపరేషన్ అయ్యి, అవుట్-ఆఫ్-పాకెట్ హద్దు, అంటే ఏడాదిలో మన జేబులోంచి పెట్టాల్సిన ఖర్చు పరిమితి, నిండిపోయాక ఉద్యోగం పోయింది. ఫిజియోథెరపీ ఇంకా నడుస్తోంది. వాళ్లు డిసెంబరు దాకా కోబ్రానే కట్టారు, అదే లాభం. కొత్త ప్లాన్‌కి మారితే ఆ ఏడాది అప్పటిదాకా కట్టినదంతా లెక్కలో లేకుండా పోయేది.

మా ఆయన కొత్త కంపెనీ పిటిషన్ గ్రేస్ పీరియడ్ చివర్లో, అక్టోబరులో పడింది, ఆయన ఉద్యోగంలో చేరింది నవంబరు మధ్యలో. కొత్త ఇన్సూరెన్స్ డిసెంబరు 1 నుంచి. మార్కెట్‌ప్లేస్ ప్లాన్ దానంతటదే ఆగదు, లాగిన్ అయ్యి మనమే ఆపాలి. జనవరిలో మార్కెట్‌ప్లేస్ నుంచి సబ్సిడీ వివరాలతో 1095-ఏ ఫారం వచ్చింది, ఏడాది ఆదాయం నేను రాసినదానికి కాస్త తక్కువే తేలింది, కొంచెం డబ్బు వెనక్కొచ్చింది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా పిన్ని కొడుకు. పోయిన వారం వాడికీ లేఆఫ్ అయ్యింది. "అక్కా, నువ్వు చేసినట్టే చేసేస్తా" అన్నాడు. చేయకురా అన్నాను. 2021 నుంచి ఇస్తున్న అదనపు సబ్సిడీ 2025తో ముగిసింది. 2026 కవరేజీకి ముగ్గురున్న ఇంట్లో ఏడాది ఆదాయం 1,06,600 డాలర్లు దాటితే సబ్సిడీ అసలు లేదు. వెనక్కి కట్టేదానికి తక్కువ ఆదాయం వాళ్లకి ఇంతకుముందు ఒక పరిమితి ఉండేది, 2026 నుంచి అదీ తీసేశారు. తీసుకున్నది ఎక్కువైతే మొత్తం కట్టాల్సిందే. పైగా 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2027 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్లకి ఈ సబ్సిడీయే ఉండదు, పూర్తి రేటుకి కొనుక్కోవాలి. ఈ ఏడాది వాడి జీతం, బోనస్, సెవరెన్స్ అంకెలు కాగితం మీద రాసి పంపమన్నాను. డబ్ల్యూ-2 కూడా తీయమన్నాను.